ఎంబ్రాయిడరీ టీచర్ దగ్గర సూది పట్టారు.. నోబెల్ అందుకున్నారు! కిడ్నీ మార్పిడికి దారి వేసిన అలెక్సిస్ కారెల్ కథ ఇదీ..

నల్గొండ: పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నిలబడి చూసినోళ్లకు ఒక విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. తూము దగ్గర పూడికో, చెత్తో అడ్డం పడితే నీళ్లు ముందుకు పోవు. లోపలే నిలుస్తాయి, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. కొత్త కిడ్నీ పెట్టించుకున్న మనిషి ఒంట్లోనూ కొన్నిసార్లు అచ్చం ఇదే జరుగుతుంది. కిడ్నీ బాగుంటుంది. రక్తం బాగానే అందుతుంది. మూత్రం కూడా తయారవుతుంది. కానీ అది కిందికి దిగే సన్నటి గొట్టం మూసుకుపోతుంది. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బుతుంది. టైమ్‌కు పట్టుకోకపోతే, ఇంట్లోవాళ్లు అవయవం ఇచ్చి మరీ చేయించిన ఆపరేషన్ వృథా అయిపోతుంది.

పానగల్ నుంచైనా, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ ఊరి నుంచైనా హైదరాబాద్ నిమ్స్‌కో, ఉస్మానియాకో వెళ్లి కిడ్నీ మార్పిడి చేయించుకునే పేషెంట్‌కు డాక్టర్లు ప్రధానంగా మూడు అతుకులు వేస్తారు. ఒకటి ధమనికి, రెండోది సిరకు, మూడోది మూత్రనాళానికి. మొదటి రెండు అతుకులు నమ్మకంగా ఎలా వేయాలో లోకానికి నేర్పిన మనిషి పేరు అలెక్సిస్ కారెల్. ఫ్రాన్స్‌లో పుట్టారు. అమెరికాలో పేరు తెచ్చుకున్నారు. చివరికి సొంత దేశంలోనే నిందలు మోస్తూ కన్నుమూశారు. మూడో అతుకు మాత్రం ఆయన పోయి 80 ఏళ్లు దాటినా ఇంకా సర్జన్లను సతాయిస్తూనే ఉంది.

ఇంతకీ ఎవరీ కారెల్?

కత్తిపోటుతో మొదలైన కథ

1873 జూన్ 28న ఫ్రాన్స్‌లోని లియోన్ పక్కనే ఉన్న సెయింట్ ఫోయ్‌లో కారెల్ పుట్టారు. లియోన్ అంటే పట్టుకు పుట్టిల్లు. మనకు పోచంపల్లి ఎలాగో, వాళ్లకు అది అలాగన్నమాట. తండ్రిది బట్టల వ్యాపారం. కొడుక్కు ఐదేళ్లు వచ్చేసరికే తండ్రి పోయారు. తల్లే పెంచింది. తండ్రి పేరే పిల్లాడికి వాడుక పేరైంది.

1894 జూన్ 24. ఫ్రాన్స్ అధ్యక్షుడు సాది కార్నో లియోన్ పర్యటనకు వచ్చారు. రాత్రి బండిలో వెళ్తుండగా ఇటలీకి చెందిన ఓ యువకుడు దూసుకొచ్చి కడుపులో పొడిచాడు. కత్తి కాలేయానికి రక్తం తీసుకెళ్లే పెద్ద సిరను కోసేసింది. ఊళ్లో పేరున్న సర్జన్లంతా వచ్చారు. కానీ తెగిన ఆ సిరను కుట్టే విద్య వాళ్లలో ఎవరికీ లేదు. అప్పట్లో పెద్ద రక్తనాళం తెగిందంటే ముడేసి వదిలేయడమే. కొన్ని గంటల్లోనే దేశాధ్యక్షుడు రక్తం పోయి చనిపోయారు.

కారెల్ అప్పుడు వైద్య విద్యార్థి. ఇంకో నాలుగు రోజుల్లో 21 ఏళ్లు నిండుతాయి. చొక్కా చిరిగితే కుట్టుకుంటున్నాం, రక్తనాళం తెగితే ఎందుకు కుట్టలేం అన్నదే ఆయన పట్టుకున్న ప్రశ్న. పెద్దవాళ్లకు ఇది కుర్రతనంగా అనిపించింది. ఆయన మాత్రం వదల్లేదు.

సమస్య ఎక్కడుందో త్వరగానే అర్థమైంది. సర్జన్ల సూదులు లావు, దారాలు మొరటు. రక్తనాళం లోపలి పొర అద్దంలా నున్నగా ఉంటుంది. దాని మీద గీత పడినా, దారం ముక్క లోపలికి పొడుచుకొచ్చినా అక్కడ రక్తం గడ్డ కడుతుంది. కుట్టు నిలిచినా నాళం మూసుకుపోతుంది. మరి సన్నటి సూది, సన్నటి దారం ఎవరి దగ్గరుంటాయి? పట్టు నగరంలో దానికి జవాబు వెతుక్కోవాల్సిన పనే లేదు. లియోన్‌లో మంచి పేరున్న ఎంబ్రాయిడరీ కళాకారిణి మదామ్ లెరూదియే దగ్గరికి వెళ్లి కారెల్ కుట్టుపని నేర్చుకున్నారు. మగ్గం వర్క్ చేసే చెయ్యి ఎంత తేలిగ్గా కదులుతుందో చూసినవాళ్లకు ఈ ముక్క బాగా అర్థమవుతుంది. కాగితం మీద గంటల తరబడి కుట్లు వేసి ప్రాక్టీస్ చేశారు. సూదికి, దారానికి వ్యాజ్‌లిన్ రాశారు.

గుండ్రటి దాన్ని మూడు మూలలు చేశారు

1902లో లియోన్ వైద్య పత్రికలో కారెల్ తన పద్ధతిని అచ్చు వేయించారు. చెప్పుకుంటే చాలా చిన్న ఉపాయం. తెగిన రెండు గొట్టాలను ఎదురెదురుగా పెట్టాలి. గుండ్రటి అంచు మీద సమాన దూరంలో మూడు చోట్ల దారం వేసి, మూడు వైపులకు మెల్లగా లాగాలి. గుండ్రంగా ఉన్న నోరు త్రిభుజంలా సాగుతుంది. ఇప్పుడు కుట్టాల్సింది వంకర గీత కాదు, మూడు సరళరేఖలే. సూది పొరపాటున అవతలి గోడను పట్టదు. అన్నిటికంటే ముఖ్యంగా, అతుకు దగ్గర గొట్టం ఇరుకు కాదు.

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. కారెల్ విద్య మొత్తం అందులోనే ఉంది. గొట్టాన్ని అతకడం గొప్ప కాదు, అతికాక దారి సన్నబడకుండా చూడటం గొప్ప.

అయితే ఆయన కెరీర్ మాత్రం లియోన్‌లో ముందుకు సాగలేదు. అదే 1902లో రోగులతో కలిసి లూర్ద్ పుణ్యక్షేత్రానికి వెళ్లారు. చావు అంచున ఉన్న ఓ క్షయ రోగి అక్కడ కోలుకోవడం కళ్లారా చూశారు. చూసింది చూసినట్టు చెప్పారు. అంతే! సైన్స్ పక్షం వాళ్లు మూఢనమ్మకం అన్నారు. చర్చి పక్షం వాళ్లకేమో ఆయన చెప్పింది సరిపోలేదు. సర్జన్ పోస్టు పరీక్షల్లోనూ నెగ్గలేకపోయారు. విసిగిపోయి 1904లో కెనడా ఓడెక్కారు. డాక్టరీ మానేసి పశువుల పెంపకం చేద్దామని కూడా అనుకున్నారట. అదే జరిగి ఉంటే ఈ కథే లేదు.

కుక్క మెడలో కిడ్నీ!

మాంట్రియల్ నుంచి షికాగో చేరారు. అక్కడి యూనివర్సిటీ ప్రయోగశాలలో చార్లెస్ గత్రీ అనే శాస్త్రవేత్త తోడయ్యారు. ఇద్దరూ కలిసి రెండేళ్లలో చేసిన ప్రయోగాలు అన్నీ ఇన్నీ కావు. 1905లో ఓ చిన్న కుక్క కిడ్నీ తీసి మెడలో అమర్చారు. మెడ రక్తనాళాలకు కిడ్నీ రక్తనాళాలను అతికారు. మరి మూత్రం ఎటు పోవాలి? మూత్రనాళాన్ని తీసుకెళ్లి ఆహారనాళానికి కలిపారు! వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, వాళ్లు తేల్చుకోవాల్సింది ఒక్కటే. వేరే చోట పెట్టిన కిడ్నీ మూత్రం తయారు చేస్తుందా, లేదా? చేసింది.

కిడ్నీ మార్పిడి ప్రయత్నం కారెల్‌తోనే మొదలైందనుకుంటే పొరపాటు. 1902లోనే వియన్నాలో ఎమెరిక్ ఉల్‌మన్ కుక్క మీద ఇలాంటి ప్రయోగమే చేశారు. కారెల్ తేడా ఏంటంటే, ఒకసారి అయింది కదా అని ఆగలేదు. మళ్లీ మళ్లీ చేసినా నిలిచే పద్ధతిగా దాన్ని మార్చారు.

1906లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ పిలిచి ల్యాబ్ ఇచ్చింది. అక్కడ ఆయన ఆపరేషన్ గదికి వెళ్లినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. డాక్టర్లు, సహాయకులు అందరూ నల్ల గౌన్లే వేసుకునేవాళ్లు. తెలుపు మీద లైటు పడి కళ్లకు కొడితే సన్నటి దారం కనబడదన్నది కారెల్ లెక్క.

1908 మార్చిలో ఓ అర్ధరాత్రి ఆయన ఇంటి తలుపు కొట్టారు. తోటి సర్జన్‌కు పుట్టిన పసికందు, వయసు కొద్ది రోజులే. రక్తస్రావం ఆగడం లేదు. ప్రాణం పోతోంది. కారెల్ వెళ్లి తండ్రి మణికట్టు ధమనిని తీసి నేరుగా పాప కాలి సిరకు అతికారు. సిర అగ్గిపుల్లంత కూడా ఉండదు. తండ్రి రక్తం ఎక్కుతుంటే పాలిపోయిన పాప ఒళ్లు గులాబీ రంగులోకి వచ్చింది. బతికింది. అప్పటికి రక్తం గ్రూపులు చూసి ఎక్కించడం ఆసుపత్రుల్లో అలవాటు కాలేదు. అదృష్టం కూడా కలిసొచ్చిందనే చెప్పాలి.

మూడో అతుకు గొడవ

అదే 1908లో కారెల్ పిల్లుల మీద చేసిన ప్రయోగం ఇప్పటి కిడ్నీ పేషెంట్లకు నేరుగా సంబంధించింది. ఒక పిల్లి రెండు కిడ్నీలను విడివిడిగా తీయలేదు. వాటికి రక్తం ఇచ్చే పెద్ద ధమని ముక్క, పెద్ద సిర ముక్క, రెండు మూత్రనాళాలు, ఆ నాళాలు కలిసే మూత్రాశయం ముక్క.. మొత్తం ఒకే గుత్తిగా తీసి ఇంకో పిల్లిలో అమర్చారు. సన్నటి మూత్రనాళాన్ని అసలు కొయ్యనే లేదు. మూత్రాశయం ముక్కను మూత్రాశయానికి అతికారు. వెడల్పాటి నోరు కాబట్టి ఇరుకు కావడం కష్టం. కొన్ని పిల్లులు కొన్ని వారాల పాటు ఆ కిడ్నీలతోనే తిరిగాయి.

ఇప్పుడు మనుషులకు చేసే ఆపరేషన్లలో మామూలుగా మూత్రాశయం ముక్క తీసుకోరు. దాత బతికున్న మనిషైతే అస్సలు కుదరదు. మూత్రనాళాన్నే కోసి, పేషెంట్ మూత్రాశయానికి కలుపుతారు. అసలు చిక్కు ఇక్కడే. సొంత ఒంట్లో ఉన్నప్పుడు మూత్రనాళానికి పైనుంచి కిడ్నీ వైపు, కింది నుంచి మూత్రాశయం వైపు, మధ్యలోనూ రక్తం అందుతుంది. కోసి తీశాక పైనుంచి వచ్చే రక్తమే దిక్కు. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టే, నాళం చివరి కొసకు రక్తం సరిగా అందదు. ఆ కొస మీదే అతుకు పడుతుంది. రక్తం చాలని చోట మచ్చ కట్టి, దారి సన్నబడి, చివరికి మూసుకుపోతుంది. అందుకే సర్జన్లు నాళాన్ని వీలైనంత పొట్టిగా ఉంచుతారు. కొసను అడ్డంగా కాకుండా ఏటవాలుగా చీల్చి నోరు వెడల్పు చేస్తారు. త్రిభుజం ఉపాయం వెనకున్న ఆలోచన, ఇది రెండూ ఒక తల్లి పిల్లలే.

ఇంత చేసినా మార్పిడి జరిగిన ప్రతి 100 మందిలో ఇద్దరు నుంచి పది మంది వరకు ఈ అడ్డంకి వస్తుందని వైద్య అధ్యయనాలు చెబుతున్నాయి. ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే. మచ్చే కాదు, రక్తపు గడ్డ, రాయి, బయట నీరులాంటి ద్రవం చేరి నొక్కడం, బీకే అనే వైరస్, మగవాళ్లలో ప్రోస్టేట్ వాపు కూడా కారణం కావచ్చు.

పేషెంట్లు మోసపోయేది ఒక్క చోటే. మామూలుగా కిడ్నీలో అడ్డంకి వస్తే నడుం పట్టుకుని విలవిల్లాడతారు. మార్చిన కిడ్నీకి నరాలు తెగిపోయి ఉంటాయి. నొప్పి తెలియకపోవచ్చు! మూత్రం తగ్గడం, రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరగడం.. ఇవే ఆనవాళ్లు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించినా క్రియాటినిన్ ఇలాగే పెరుగుతుంది. రెండిటికీ వైద్యం పూర్తిగా వేరు. అందుకే డాక్టర్లు ముందు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయిస్తారు. కిడ్నీ ఉబ్బి కనిపిస్తే తూము దగ్గర అడ్డం పడిందని అనుమానిస్తారు.

అప్పుడేం చేస్తారు? మార్చిన కిడ్నీ పొత్తికడుపు పక్కన, చర్మానికి దగ్గర్లోనే ఉంటుంది. స్కాన్‌లో చూస్తూ బయట నుంచే సూది గుచ్చి, సన్నటి ట్యూబు వేసి నిలిచిన మూత్రాన్ని బయటి సంచిలోకి దించుతారు. వరదొచ్చినప్పుడు గేట్లెత్తినట్టే. కిడ్నీ తేరుకుని క్రియాటినిన్ దిగొస్తే రోగం అడ్డంకిదేనని రూఢి అవుతుంది. తర్వాత అదే దారిలో మందు పోసి ఎక్స్‌రేలో చూస్తారు. ఇరుకైన చోటు చిన్నదైతే బెలూన్‌తో వెడల్పు చేసి, రెండు కొసలూ వంకీలు తిరిగిన డీజే స్టెంట్ పెడతారు. పెద్దదైతే మళ్లీ ఆపరేషనే. చెడిపోయిన భాగం తీసేసి కొత్తగా అతుకుతారు. నాళం చాలకపోతే పేషెంట్ పాత కిడ్నీకి ఉన్న సొంత మూత్రనాళాన్నే తెచ్చి కొత్త కిడ్నీకి కలుపుతారు. పనికిరాదనుకున్న పాత నాళం అక్కరకొస్తుందన్నమాట.

చాలా ఆసుపత్రుల్లో మార్పిడి రోజే ముందు జాగ్రత్తగా స్టెంట్ పెట్టి కొన్ని వారాల తర్వాత తీసేస్తున్నారు. ఇది కడుపు కోయకుండా, మూత్రమార్గం గుండా కెమెరా గొట్టంతో చేసే పని. ఊరికి వెళ్లిపోయి స్టెంట్ సంగతే మర్చిపోయేవాళ్లు కూడా ఉంటారు. దాని మీద రాళ్లు కట్టుకుంటాయి, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. అడ్డంకి రాకూడదని పెట్టిందే అడ్డంకి అవుతుంది.

నోబెల్ వచ్చింది.. గోడ మిగిలింది

మళ్లీ కారెల్ దగ్గరికి వద్దాం. ఓ కుక్క కిడ్నీ తీసి, కాసేపు బయట ఉంచి, అదే కుక్కకు తిరిగి పెట్టారు. రెండో కిడ్నీ తీసేశారు. ఆ కుక్క రెండేళ్లకు పైగా హాయిగా బతికింది. వేరే కుక్క కిడ్నీ పెడితే మాత్రం కొద్ది రోజులకే పాడయ్యేది. కుట్టులో లోపం లేదు. శరీరమే పరాయిదాన్ని ఒప్పుకోవడం లేదు. ఈ తేడాను కారెల్ స్పష్టంగా గుర్తించారు. దాటే దారి మాత్రం ఆయన కాలంలో దొరకలేదు.

1912లో వైద్యంలో నోబెల్ ఆయన్ను వరించింది. వయసు 39. అమెరికాలో చేసిన పనికి వైద్య నోబెల్ రావడం అదే మొదటిసారి. షికాగోలో పక్కన నిలబడి పనిచేసిన గత్రీ పేరు అందులో లేదు. గత్రీకి దక్కాల్సింది దక్కలేదన్న వాదన ఇప్పటికీ ఉంది. అందులో న్యాయం లేకపోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కారెల్ ఫ్రాన్స్ వెళ్లి సైనిక ఆసుపత్రి నడిపారు. రసాయన శాస్త్రవేత్త హెన్రీ డాకిన్‌తో కలిసి, కుళ్లిన గాయాల్లోకి రబ్బరు గొట్టాలతో మందు నీళ్లు పంపి కడిగే పద్ధతి తెచ్చారు. మళ్లీ గొట్టాలే! యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఎంతోమంది సైనికుల కాళ్లూ చేతులూ దక్కాయి. ఆ తర్వాత అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్‌తో కలిసి అవయవాలను ఒంటి బయట బతికించే గాజు పంపు తయారు చేశారు. అది 1935.

చేతికున్న తెలివి.. మాటకు లేకపాయె

అదే 1935లో కారెల్ రాసిన పుస్తకం అచ్చయింది. పేరు మ్యాన్, ది అన్‌నోన్. లక్షల్లో అమ్ముడైంది. మనుషుల్లో ఎక్కువ తక్కువ జాతులున్నాయని, బలహీనులు పెరగకూడదని అందులో వాదించారు. కొందరు నేరస్థులను, నేరం చేసిన మతిస్థిమితం లేనివాళ్లను గ్యాస్‌తో చంపేయొచ్చని కూడా రాశారు. పసికందు కోసం అర్ధరాత్రి పరిగెత్తిన మనిషే ఇది రాశాడంటే నమ్మబుద్ధి కాదు. కానీ రాశారు. కాలం అలాంటిది అని సర్దిచెప్పేవాళ్లు ఉన్నారు. ఆ కాలంలోనే దాన్ని తప్పన్నవాళ్లూ ఉన్నారు.

రాక్‌ఫెల్లర్‌లో రిటైరయ్యాక 1941లో ఫ్రాన్స్ చేరారు. అప్పటికి దేశం హిట్లర్ సైన్యం బూట్ల కింద ఉంది. జర్మన్లకు తలవంచిన విషీ ప్రభుత్వం పెట్టిన పరిశోధనా సంస్థకు కారెల్ అధిపతి అయ్యారు. 1944 ఆగస్టులో పారిస్‌కు విముక్తి దొరికింది. శత్రువుతో చేతులు కలిపారన్న ఆరోపణతో ఆయన్ను పదవి నుంచి తప్పించారు. విచారణ దాకా పోలేదు. అప్పటికే గుండె జబ్బు ముదిరింది. 1944 నవంబర్ 5న పారిస్‌లో కన్నుమూశారు. బ్రిటనీ తీరంలో తనకెంతో ఇష్టమైన సెయింట్ గిల్డాస్ దీవిలో ఖననం చేశారు.

పదేళ్లకు, 1954 డిసెంబర్ 23న, అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం ఒక కవల సోదరుడి కిడ్నీని ఇంకో సోదరుడికి పెట్టింది. అచ్చు గుద్దినట్టున్న కవలలు కాబట్టి శరీరం తిరస్కరించలేదు. కారెల్ దగ్గర ఆగిన గోడ అలా మొదటిసారి దాటారు. 1960ల్లో మందులొచ్చాక కవలలు కానివాళ్లకూ దారి దొరికింది. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీలో కిడ్నీ మార్పిడి విజయవంతమైంది.

1990ల్లో ఫ్రాన్స్‌లో కారెల్ రాతల మీద పెద్ద గొడవే లేచింది. చాలా ఊళ్లలో వీధులకు ఆయన పేరు తీసేశారు. 1996లో లియోన్‌లో ఆయన పేరుతో ఉన్న వైద్య కళాశాలకు స్టెతస్కోప్ కనిపెట్టిన లెనెక్ పేరు పెట్టారు. ఆపరేషన్ థియేటర్లలో మాత్రం ఆ పేరు ఇంకా పలుకుతూనే ఉంది. బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి కిడ్నీ తీసేటప్పుడు ధమనిని ఒంటరిగా కోయరు. దాని మొదట్లో ఉన్న పెద్ద ధమని గోడను కూడా గుండ్రంగా కాస్త కలిపి తీస్తారు. అతుకు వెడల్పుగా పడుతుంది, ఇరుకు కాదు. తెలంగాణలో జీవన్‌దాన్ ద్వారా వచ్చే కిడ్నీలకైనా, పారిస్‌లో వచ్చే కిడ్నీలకైనా ఆ ముక్కను సర్జన్లు పిలిచే పేరు ఒక్కటే.. కారెల్ ప్యాచ్.